పడి లేచిన పాటగాడు టూపాక్ షకూర్



మహనీయుల జీవితాలు చదువుకోవడం మన సంచికకు ఆనవాయితీ. ఫూలే, సావిత్రీబాయి, అంబేడ్కర్, జాషువాల గురించి చదివే మనమంతా ఇంతవాళ్లమయ్యాం. ఈసారి మేము ఎంచుకున్న మనిషిని ఆ వరుసలో నిలబెట్టలేం. అతను తప్పులు చేశాడు, జైలుకు వెళ్లాడు, 25 ఏళ్లకే తుపాకి గుళ్లకు బలైపోయాడు. అయినా అతని బొమ్మ ఉన్న టీషర్టులు మన సంతల్లోకి కూడా వచ్చాయి. అతని పాటలు హాస్టల్ గదుల్లో సెల్‌ఫోన్లలో మోగుతున్నాయి. ఆ బొమ్మ వేసుకుని తిరిగే తమ్ముళ్లలో చాలామందికి ఆ మనిషి ఎవరో, ఎలా బతికాడో, ఎందుకు పోయాడో తెలియదు. అందుకే అమెరికా నల్లజాతి ర్యాప్ గాయకుడు టూపాక్ షకూర్ జీవితాన్ని, అందులోని ఎత్తుపల్లాలను ఉన్నవి ఉన్నట్టుగా మీ ముందు పెడుతున్నాం.

ర్యాప్ అంటే తెలియని చిన్న తరగతుల పిల్లల కోసం రెండు మాటలు. మన బుర్రకథలో గుమ్మెట దరువు మీద కథకుడు మాటలను వడివడిగా, లయ తప్పకుండా ఎలా చెప్పుకుంటూ పోతాడో, ర్యాప్‌లోనూ దరువు మీద ప్రాస కట్టిన మాటలను గాయకుడు అలా పలుకుతూ పోతాడు. 1973 ప్రాంతంలో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ అనే పేదల పేటలో ఇది మొదలైంది. వాయిద్యాలు కొనే స్తోమత లేని కుర్రాళ్లు పాత గ్రామఫోన్ రికార్డులనే వాయిద్యాలుగా మార్చుకున్నారు. ఈ పాటకు, దానితో పాటు పుట్టిన నృత్యానికి, గోడల మీద బొమ్మలకు అన్నిటికీ కలిపి హిప్ హాప్ అని పేరు.

తల్లి కడుపులోనే కోర్టు

టూపాక్ కథ అతని తల్లితో మొదలుపెట్టాలి. ఆమె పేరు అఫేనీ షకూర్. 1947లో నార్త్ కరోలినా రాష్ట్రంలో పేద కుటుంబంలో పుట్టి, న్యూయార్క్ చేరి, బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసింది. ఈ పార్టీని 1966లో ఓక్లాండ్ నగరంలో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ అనే ఇద్దరు యువకులు స్థాపించారు. నల్లవాళ్ల మీద పోలీసుల దౌర్జన్యాన్ని ఎదిరించడం దాని మొదటి పని. 1969 నుంచి ఆ పార్టీవాళ్లు పేటల్లోని పిల్లలకు బడికి వెళ్లే ముందు ఉచితంగా టిఫిన్ వండి పెట్టారు. ఆకలి కడుపుతో పాఠం తలకెక్కదని వాళ్లకు తెలుసు. పొద్దున్నే మెస్ ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనకు ఆ సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1972లో మహారాష్ట్రలో నామ్‌దేవ్ ఢసాల్ వంటి యువ రచయితలు దళిత్ పాంథర్స్ స్థాపించినప్పుడు ఆ పేరును వీళ్ల నుంచే తీసుకున్నారు.

1969 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో 21 మంది పాంథర్ల మీద బాంబు దాడుల కుట్ర కేసు పెట్టారు. అందులో అఫేనీ ఒకరు. లాయరు చదువు లేకపోయినా ఆమె తన కేసును తానే వాదించుకుంది. నిండు గర్భిణిగా, జైలు నుంచి కోర్టుకు తిరుగుతూ, పోలీసు సాక్షులను తానే ప్రశ్నించింది. 1971 మే నెలలో జ్యూరీ అందరినీ నిర్దోషులుగా తేల్చింది. మరో నెలకు, 1971 జూన్ 16న, న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో ఆమెకు కొడుకు పుట్టాడు. మొదట వేరే పేరు పెట్టినా, ఏడాది తర్వాత టూపాక్ అమారు అని మార్చింది. స్పెయిన్ పాలకుల మీద పెరూ దేశపు ఆదివాసీలను కదిలించి, 1781లో ఉరికంటే ఘోరమైన మరణశిక్ష పొందిన వీరుడి పేరు అది. పిల్లవాడి తల మీద పుట్టగానే పెద్ద బరువే పెట్టింది ఆ తల్లి.

దొరికిన బడి, పోయిన బడి

ఉద్యమం చెదిరిపోయాక అఫేనీకి నిలకడైన పని దొరకలేదు. తండ్రి దగ్గర లేడు. తల్లి, టూపాక్, 1975లో పుట్టిన చెల్లెలు సెకీవా హార్లెమ్, బ్రాంక్స్ పేటల్లో ఇళ్లు మారుతూ, ఒక్కోసారి నిరాశ్రయుల శిబిరాల్లో తలదాచుకుంటూ బతికారు. మారిన ప్రతి ఇంటికీ ఒక కొత్త బడి, మారిన ప్రతి బడికీ కొత్త ముఖాలు.

12 ఏళ్ల వయసులో తల్లి అతన్ని హార్లెమ్‌లో ఒక నాటక బృందంలో చేర్చింది. 1984లో ప్రఖ్యాత అపోలో థియేటర్ వేదిక మీద, నల్లజాతి రచయిత్రి లొరేన్ హాన్స్‌బెర్రీ నాటకం ఎ రైజిన్ ఇన్ ద సన్‌లో ఇంట్లోని పిల్లవాడి పాత్ర వేశాడు. చప్పట్లు ఎలా ఉంటాయో అప్పుడే తెలిసింది.

తర్వాత కుటుంబం బాల్టిమోర్ నగరానికి చేరింది. అక్కడ ప్రభుత్వం నడిపే కళల పాఠశాల ఒకటుంది. పరీక్ష పెట్టి ప్రతిభ ఉన్నవాళ్లను చేర్చుకుంటారు. టూపాక్‌కు అందులో సీటు వచ్చింది. నటన, కవిత్వం, సంగీతం, బాలే నృత్యం నేర్చుకున్నాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో వేషాలు వేశాడు. నట్‌క్రాకర్ అనే బాలేలో ఎలుకల రాజుగా నాట్యం చేశాడు. తర్వాత సినిమా నటిగా పేరు పొందిన జేడా పింకెట్ అక్కడే అతనికి ప్రాణస్నేహితురాలైంది. ఇంట్లో కరెంటు బిల్లు కట్టలేని పిల్లవాడు బడిలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు. తన జీవితంలో అత్యంత సంతోషంగా గడిపిన రోజులు అవేనని అతను తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆ సంతోషం పూర్తికాలేదు. 1988లో, టూపాక్‌కు 17 ఏళ్లప్పుడు, ఇల్లు గడవక కుటుంబం దేశానికి ఆ చివరన ఉన్న కాలిఫోర్నియాలోని మారిన్ సిటీకి తరలిపోయింది. బాల్టిమోర్‌లో అతన్ని ఉంచి చదివించే దిక్కు లేకపోయింది. కొత్త ఊళ్లో మత్తుమందుల వ్యాపారం వీధి వీధినా సాగుతోంది. కోర్టులో అంత ధైర్యంగా నిలబడ్డ తల్లి కూడా క్రాక్ అనే కొకైన్ మత్తుకు బానిసైంది. టూపాక్ ఇల్లు విడిచి స్నేహితుల గదుల్లో పడుకున్నాడు. హైస్కూలు చదువు పూర్తికాలేదు. మిత్రులారా, ఈ మలుపును గుర్తుపెట్టుకోండి. తర్వాతి కథంతా ఇక్కడి నుంచే వస్తుంది.

నోటుపుస్తకం తెచ్చిన అవకాశం

బడి పోయినా అతను రాయడం మానలేదు. నోటుపుస్తకాల నిండా కవితలు రాశాడు. 1989లో లైలా స్టైన్‌బర్గ్ అనే ఆవిడ నడిపే కవిత్వ తరగతికి వెళ్లాడు. ఆమె ఆ కుర్రవాడిలోని సత్తాను గుర్తించి, తెలిసిన మ్యూజిక్ మేనేజర్‌కు పరిచయం చేసింది. అలా 1990లో డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే ర్యాప్ బృందంలో పని దొరికింది. పాడే పని కాదు. సామాన్లు మోయాలి, స్టేజి మీద వెనక వరుసలో ఆడాలి. ఆ పని చేస్తూనే 1991 మొదట్లో వాళ్ల పాటలో ఒక చరణం పాడే అవకాశం సంపాదించాడు. అదే ఏడాది నవంబరులో ఇంటర్‌స్కోప్ కంపెనీ నుంచి 2పాకలిప్స్ నౌ అనే సొంత ఆల్బం వచ్చింది. సామాన్లు మోసిన చోటి నుంచి సొంత ఆల్బం దాకా రావడానికి రెండేళ్లు కూడా పట్టలేదు.

ఆ ఆల్బంలో బ్రెండాస్ గాట్ ఎ బేబీ అనే పాట ఉంది. పన్నెండేళ్ల పేద పిల్ల గర్భవతై, దిక్కులేక బిడ్డను చెత్తకుండీలో వదిలేసిన ఒక పత్రికా వార్త చదివి రాసిన పాట అది. ఆ పిల్లను తిట్టకుండా, ఆమెను ఆ గతికి తెచ్చిన ఇంటినీ వీధినీ నిలదీశాడు. 1992 జనవరిలో జ్యూస్ అనే సినిమా వచ్చింది. అందులో అతని నటనను విమర్శకులు మెచ్చుకున్నారు. బాల్టిమోర్ బడిలో నేర్చుకున్న విద్య అక్కడ అక్కరకొచ్చింది. 1993లో జానెట్ జాక్సన్ సరసన పొయెటిక్ జస్టిస్ అనే సినిమాలో నటించాడు. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బంలోని కీప్ యా హెడ్ అప్ అనే పాటలో ఒంటరి తల్లులకు ధైర్యం చెప్పాడు, ఆడవాళ్లను కించపరిచే మగవాళ్లను తప్పుపట్టాడు. ఈ పాటను మరచిపోవద్దు. దీని మాట మళ్లీ వస్తుంది.

కీర్తి వెంటే కేసులు

మొదటి ఆల్బం రావడానికి నెల రోజుల ముందు, 1991 అక్టోబరులో, రోడ్డు దాటే నిబంధన పాటించలేదని ఓక్లాండ్ పోలీసులు అతన్ని ఆపి, కిందపడేసి కొట్టారు. అతను కోటి డాలర్లకు దావా వేశాడు. చివరికి 40 వేల డాలర్ల పైచిలుకుతో రాజీ కుదిరింది. 1992లో టెక్సాస్‌లో ఒక పోలీసును చంపిన యువకుడి తరఫువాళ్లు, ఈ పాటలు వినడం వల్లే అలా చేశాడని వాదించారు. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఆ ఆల్బం మార్కెట్లోనే ఉండకూడదని బహిరంగంగా విమర్శించాడు. 21 ఏళ్ల గాయకుడి పేరు దేశమంతా మార్మోగింది.

అన్ని కేసుల్లోనూ అతను బాధితుడు కాడు. 1992 ఆగస్టులో మారిన్ సిటీలో జరిగిన ఒక ఉత్సవానికి వెళ్లినప్పుడు గొడవ జరిగి, ఎగిరిన తూటాకు ఆరేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ తుపాకి టూపాక్ పేరు మీద ఉంది. అతని మీద హత్యకేసు నిలవలేదు గానీ, బాలుడి కుటుంబం వేసిన దావాలో నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది. ఒక సినిమా దర్శకుణ్ణి కొట్టినందుకు 1994లో 15 రోజులు జైల్లో ఉన్నాడు.

అప్పటికే పొట్ట మీద థగ్ లైఫ్ అని పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. థగ్ అనే మాట ఇంగ్లీషులోకి వెళ్లింది మన దేశం నుంచే. హిందీలోని ఠగ్ అనే మాటను బ్రిటిష్‌వాళ్లు తీసుకుపోయారు. పసివాళ్లకు సమాజం పంచే ద్వేషం చివరికి అందరినీ దెబ్బతీస్తుందని టూపాక్ ఆ అక్షరాలకు అర్థం చెప్పేవాడు. అర్థం గొప్పదే. కానీ వీధిలో ఆ అర్థం వినేవాళ్లు తక్కువ, పచ్చబొట్టును చూసేవాళ్లు ఎక్కువ. నలుగురూ అలా చూడటం మొదలుపెట్టాక అతనూ అలాగే నడవసాగాడు.

అన్నిటికంటే పెద్ద మచ్చ 1993 నవంబరులో పడింది. న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో తన మీద అతనూ, అతని వెంట ఉన్నవాళ్లూ అత్యాచారం చేశారని 19 ఏళ్ల యువతి ఫిర్యాదు చేసింది. 1994 డిసెంబరు 1న జ్యూరీ తీవ్రమైన ఆరోపణలను కొట్టివేసి, బలవంతంగా తాకిన లైంగిక నేరం కింద అతన్ని దోషిగా తేల్చింది. నేరం చేయలేదని అతను చివరిదాకా అన్నాడు. కానీ కోర్టు తీర్పు అది. ఆడవాళ్ల గౌరవం కోసం పాట కట్టిన ఏడాదే ఈ కేసు వచ్చింది. అభిమానులమని చెప్పి ఈ పేజీని చించేసే హక్కు మనకు లేదు. ఈ సంచిక చదివే చెల్లెళ్ల ముందు ఆ సంగతి దాచి అతన్ని పొగడటం మాకు ఇష్టం లేదు.

జైల్లో ఖైదీ, బయట నంబర్ వన్

తీర్పుకు ముందు రోజు రాత్రి, 1994 నవంబరు 30న, న్యూయార్క్‌లో రికార్డింగ్ స్టూడియోకు వెళుతుండగా దోపిడీ దొంగలు అతన్ని తుపాకులతో కాల్చారు. ఒంటి మీద అయిదు గాయాలు. అయినా మర్నాడు కట్లతో, చక్రాల కుర్చీలో కోర్టుకు వచ్చి తీర్పు విన్నాడు. 1995 ఫిబ్రవరిలో ఏడాదిన్నర నుంచి నాలుగున్నరేళ్ల దాకా శిక్ష పడింది. న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న క్లింటన్ జైలుకు పంపారు.

అతని పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. సరిగ్గా అప్పుడే, 1995 మార్చి 14న, అంతకుముందే రికార్డు చేసిన మీ అగైన్‌స్ట్ ద వరల్డ్ ఆల్బం విడుదలై అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. జైలుశిక్ష అనుభవిస్తూ నంబర్ వన్ ఆల్బం ఉన్న మొదటి కళాకారుడు అతనే. అందులోని డియర్ మామా పాట తల్లి మీద రాసింది. మత్తుకు బానిసైన తల్లిని దాచకుండా, అయినా ఆమె తమను ఎలా సాకిందో చెబుతూ కృతజ్ఞత తెలిపాడు. అఫేనీ అప్పటికే మత్తు మానేసి మామూలు మనిషైంది. 2010లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, శాశ్వతంగా భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో ఈ పాటను చేర్చింది.

పాట నంబర్ వన్ అయినా ఖైదీ జేబులో డబ్బు లేదు. లాయర్ల ఖర్చులు తినేశాయి. అప్పీలు తేలేదాకా బయటికి రావాలంటే 14 లక్షల డాలర్ల బెయిలు కట్టాలి. ఆ సమయంలో డెత్ రో రికార్డ్స్ యజమాని షుగ్ నైట్ ముందుకొచ్చాడు. బెయిలుకు ఏర్పాటు చేశాడు. బదులుగా మూడు ఆల్బంలు తన కంపెనీకి చేసిపెట్టాలని ఒప్పందం రాయించుకున్నాడు. డెత్ రో అంటే ఉరిశిక్ష పడ్డ ఖైదీలను ఉంచే వరుస. ఆ పేరున్న కంపెనీ కాగితం మీద టూపాక్ జైల్లోనే సంతకం చేశాడు. ఎనిమిది నెలల జైలు జీవితం తర్వాత 1995 అక్టోబరులో విడుదలయ్యాడు. అవసరంలో ఉన్నవాడి చేత సంతకం ఎలా పెట్టిస్తారో, అప్పు పత్రాల మీద వేలిముద్రలు వేసిన మన తాతల కాలం నుంచి మనకు తెలిసిందే.

పదకొండు నెలల పరుగు

బయటికొచ్చిన క్షణం నుంచి అతను నిద్రాహారాలు మాని పనిచేశాడు. 1996 ఫిబ్రవరి 13న ఆల్ ఐజ్ ఆన్ మీ అనే రెండు డిస్కుల ఆల్బం వచ్చింది. మొదటి వారంలోనే 5,66,000 కాపీలు అమ్ముడయ్యాయి. తర్వాత 2014లో దానికి కోటి యూనిట్ల అమ్మకానికి ఇచ్చే డైమండ్ గుర్తింపు లభించింది. మరోవైపు సినిమాల్లో నటించాడు. ఆ పదకొండు నెలల్లో రికార్డు చేసి పెట్టిన పాటలతో అతను పోయాక ఏళ్ల తరబడి ఆల్బంలు వస్తూనే ఉన్నాయి.

కానీ కోపం కూడా అంతే వేగంగా పెరిగింది. ఒకప్పటి స్నేహితుడైన న్యూయార్క్ గాయకుడు నొటోరియస్ బి.ఐ.జి.కి స్టూడియో కాల్పుల సంగతి ముందే తెలుసని టూపాక్ అనుమానించాడు. అతను కాదన్నా నమ్మలేదు. 1996లో ఒక పాటలో ఆ స్నేహితుణ్ణీ, అతని భార్యనూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒంటరి తల్లులకు ధైర్యం చెప్పిన గొంతే ఈ మాటలూ పలికింది. పత్రికలు దీన్ని తూర్పు తీరానికీ పడమటి తీరానికీ యుద్ధంగా మార్చాయి. ఇద్దరు నల్లజాతి యువకుల తగాదాతో కంపెనీలు మాత్రం క్యాసెట్లు అమ్ముకున్నాయి.

1996 సెప్టెంబరు 7న లాస్ వేగాస్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూసి బయటికొస్తూ, ఎంజీఎం గ్రాండ్ హోటల్లో వైరి ముఠాకు చెందిన ఒక యువకుడి మీద టూపాక్, అతని మనుషులు చేయిచేసుకున్నారు. అదే రాత్రి పదకొండు దాటాక, నైట్ నడుపుతున్న కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పక్కకొచ్చిన తెల్ల కాడిలాక్ కారులోంచి గుళ్ల వర్షం కురిసింది. నాలుగు గుళ్లు టూపాక్‌కు తగిలాయి. ఆరు రోజులు ఆసుపత్రిలో పోరాడి 1996 సెప్టెంబరు 13న కన్నుమూశాడు. ఆరు నెలలు తిరగకముందే, 1997 మార్చి 9న, లాస్ ఏంజెలెస్‌లో బి.ఐ.జి.నీ అలాగే కాల్చి చంపారు. అతని వయసు 24. టూపాక్ హత్య కేసులో 27 ఏళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. అతను తాను నిర్దోషినని కోర్టుకు చెప్పుకున్నాడు.

తల్లి నిలబెట్టిన పేరు

మొదటి ఆల్బం నుంచి మరణం దాకా లెక్కేస్తే అయిదేళ్లు కూడా నిండలేదు. కొడుకు పాటల మీద హక్కుల కోసం అఫేనీ 1997లో డెత్ రో మీద కోర్టుకెక్కింది. పాతికేళ్ల క్రితం కడుపులో బిడ్డతో కోర్టులో నిలబడ్డ మనిషి, ఈసారి ఆ బిడ్డ పేరు కోసం నిలబడింది. 1999లో అతని తొలినాటి కవితలు ద రోజ్ దట్ గ్రూ ఫ్రమ్ కాంక్రీట్ పేరుతో పుస్తకంగా వచ్చాయి. సిమెంటు నేల చీల్చుకుని మొలిచిన గులాబీ అని ఆ పేరుకు అర్థం. 2005లో జార్జియా రాష్ట్రంలో కొడుకు పేరుతో పిల్లల కోసం కళాకేంద్రం ప్రారంభించింది. తన కొడుక్కు మధ్యలో తెగిపోయిన చదువే ఇతర పిల్లలకు దొరకాలని ఆమె తపన పడింది. 2016లో ఆమె కన్నుమూసింది. మరుసటేడు, 2017లో, టూపాక్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. 2023లో ఓక్లాండ్ నగరం ఒక వీధి భాగానికి అతని పేరు పెట్టింది. ఆ నగరపు పోలీసులే ఒకనాడు అతన్ని రోడ్డు మీద పడేసి కొట్టారు.

మనం తీసుకోవలసినది

మిత్రులారా, ఈ జీవితాన్ని చదివి మేము చర్చించుకున్నప్పుడు అందరం ఒకే చోట ఆగిపోయాం. అది 1988. టూపాక్‌కు తెలివి తక్కువ కాలేదు, గురువులు తక్కువ కాలేదు. తల్లి ఊరు వదిలినా పిల్లవాడు అదే బడిలో ఉండి చదువుకునేందుకు ఒక మంచం, మూడు పూటల తిండి దొరకలేదు. అంటే మనకున్న హాస్టల్ లాంటిది అతనికి లేదు. మన మెస్‌లో పప్పు నీళ్లగా ఉండొచ్చు, దుప్పట్లు ఆలస్యంగా రావొచ్చు. వాటి కోసం అడగాలి, గట్టిగా అడగాలి. కానీ అమ్మానాన్న వలస పోయినా మన చదువు ఆగకుండా పట్టుకున్న చోటు ఇదే.

దసరా సెలవులకు ట్రంకు పెట్టెతో సహా ఇంటికెళ్లి, పత్తి చేలల్లోకో, నగరాల్లో కట్టడాల పనికో వెళ్లిపోయి తిరిగిరాని తోటివాళ్లు మన ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. వాళ్లలో పాట కట్టేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. అందుకే పూర్వ విద్యార్థులకు ఈ సంచిక ద్వారా మా విన్నపం. సెలవులయ్యాక మీ ఊళ్లో ఏ పిల్లవాడైనా హాస్టల్‌కు తిరిగి వెళ్లకపోతే ఆ ఇంటి తలుపు తట్టండి. బస్సు చార్జీ కావాలో, తల్లిదండ్రులకు నచ్చజెప్పే పెద్దమనిషి కావాలో కనుక్కోండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! టూపాక్ దగ్గర నోటుపుస్తకం తీసుకోండి, తుపాకి అక్కడే వదిలేయండి. మీ పక్క మంచం ఖాళీ అయితే ఊరుకోకండి, ఆ రోజే వార్డెన్ గారికి చెప్పండి.